చేయని తప్పుకో అర్జీ

మిరాజ్ మ్యాప్. స్కోరు 9–8, మీ జట్టే ముందుంది. 2023 అక్టోబరు 13, శుక్రవారం రాత్రి, పదకొండు దాటింది. హనుమకొండలో మీ ఇంటి మేడమీది గదిలో, పదో తరగతి చదివేటప్పటి టేబుల్ ముందు కూర్చుని కౌంటర్ స్ట్రైక్ 2 ఆడుతున్నావు. దసరాకి ఇంటికొస్తూ సీపీయూని కూడా దుప్పట్లో చుట్టి, ఉప్పల్లో ఎక్కిన ఆర్టీసీ బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చావు. దానికి లగేజీ టికెట్ కొట్టాలా వద్దా అని కండక్టర్ జనగామ దాకా తేల్చుకోలేకపోయాడు.

"ప్యాలెస్‌ల నుంచి ఒకడొస్తుండు మామా." హెడ్‌సెట్‌లో సందీప్ గొంతు.

నువ్వు మెట్ల పక్క నీడలో నక్కి ఉన్నావు. చెక్క మీద అడుగుల చప్పుడు. మౌస్ జరిపావు, జరిపిన క్షణానికే తుపాకీ అటు తిరిగింది. సాయంత్రం నుంచీ ఇలాగే ఉంది, చెయ్యి ఏమనుకుంటే తెర అది వింటోంది. నొక్కావు. ఒకడు పడ్డాడు. రెండోవాడు ఎటునుంచి వస్తాడా అని చూస్తుండగానే బొమ్మ ఆగింది.

నెట్ పోయిందనుకున్నావు. రౌటర్ వైపు చూశావు, లైట్లన్నీ వెలుగుతున్నాయి. మళ్లీ తెర వైపు తిరిగేసరికి ఆట లేదు, మెయిన్ మెనూ ఉంది. దాని మీద ఎర్ర పట్టీ. నీ ఖాతా మీద నిషేధం పడింది, ఇక రక్షణ ఉన్న సర్వర్లలో ఆడలేవు అని దాని సారాంశం. అదే క్షణాన మిగతా తొమ్మిది మంది తెరల మీద ఇంకో మాట కనిపించింది: మోసగాడు దొరికాడు, మ్యాచ్ రద్దు.

హెడ్‌సెట్‌లో ఓ రెండు మూడు క్షణాలు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒక్కసారిగా నవ్వులు.

"ఓరి నీ! దొంగ మన దగ్గర్నే ఉన్నడు గదరా!"

"మామా, ఏం హ్యాక్ అది? మాక్కూడ పంపు."

నువ్వూ నవ్వబోయావు, రాలేదు. ప్రొఫైల్ తెరిచావు. నీ బొమ్మ, పేరు, ఇన్నేళ్లుగా ఆడిన గంటల లెక్క, వాటి పక్కనే కొత్తగా ఎర్రక్షరాలు. రికార్డులో 1 వ్యాక్ నిషేధం. చివరి నిషేధం పడి 0 రోజులు. ఈ అంకె రేపు ఒకటవుతుంది, ఎల్లుండి రెండు. నీ ప్రొఫైల్‌కి వచ్చిన ప్రతివాడికీ అది కనబడుతుంది.

సందీప్ ఒక్కడే నవ్వలేదు. కాసేపాగి, "ఇయ్యాల ఏమన్న కొత్తగ ఇన్‌స్టాల్ చేసినవా?" అని అడిగాడు.

చేశావు. సాయంత్రం చాయ్ తాగుతూ గ్రాఫిక్స్ కార్డు డ్రైవర్ అప్‌డేట్ చేశావు. సికింద్రాబాద్ సీటీసీలో నాలుగు షాపుల మెట్లెక్కి దిగి, బేరమాడి కొన్న రేడియాన్ ఆర్‌ఎక్స్ 7600 కార్డు అది. ఏఎండీ వాళ్ల అడ్రినలిన్ సాఫ్ట్‌వేర్ తెరవగానే కొత్త వెర్షన్ వచ్చిందని చెప్పింది: 23.10.1. దాంట్లో యాంటీ ల్యాగ్ ప్లస్ అనే సదుపాయం ఇప్పుడు కౌంటర్ స్ట్రైక్ 2కి కూడా పనిచేస్తుందని రాసి ఉంది. పక్కనే చిన్న మీట. దాన్ని ఆన్ చేశావు. నీ నేరం ఇంతే.

అది నేరమని ఇంకా నీకు తెలియదు. తలుపు దగ్గర అలికిడైంది. తమ్ముడు, చేతిలో లాప్‌టాప్.

"అన్నా, నాది గూడ పోయింది."

వాడు ఆ సాయంత్రమంతా ఆట తెరవనే లేదు. కానీ ఏడో తరగతిలో వాడికి ఖాతా తెరిచినప్పుడు ఇచ్చింది నీ ఫోన్ నంబరే. ఈ ఆటలో ఒక నంబరు మీద ఒకడికి వ్యాక్ నిషేధం పడితే, ఆ క్షణానికి అదే నంబరున్న మిగతా ఖాతాలకూ పడుతుంది. రూల్స్‌లో ఉన్నదే. ఉమ్మడి కుటుంబంలో ఒకడి అప్పుకి అందరూ పూచీ పడ్డట్టన్నమాట.

*

ఒంటిగంట అవుతోంది. నిబంధనల పేజీ చదువుతున్నావు. వ్యాక్ అంటే వాల్వ్ యాంటీ చీట్, ఈ ఆట తయారుచేసిన వాల్వ్ కంపెనీ 2002 నుంచీ నడుపుతున్న కాపలా. పేజీ భాష మర్యాదగానే ఉంటుంది గానీ ఎక్కడా పట్టు దొరకదు. నిషేధం శాశ్వతం. బేరసారాలు లేవు. సపోర్ట్ సిబ్బంది దాన్ని తీయలేరు. పొరపాటున పడిందని తేలితే దానంతట అదే పోతుంది.

ఆఖరి వాక్యం దగ్గర ఆగావు. తేలితే అంటే, తేల్చేదెవరు? ఆ సంగతి అక్కడ లేదు. ఏ ఫైలు చూసి, ఏ క్షణాన, ఏ ఆధారంతో పట్టుకున్నారో కూడా ఎక్కడా లేదు, అడిగినా చెప్పరు. దీని వెనక లెక్క ఉంది, అది అర్థంలేనిదేమీ కాదు. హ్యాకులు తయారుచేసి నెలకింత అని అమ్ముకునేవాళ్లు ఉన్నారు. ఎక్కడ దొరికారో చెబితే మర్నాడే అక్కడ మాట్లు వేసుకుంటారు. అందుకే చాలాసార్లు పట్టుకున్న వెంటనే కూడా వేటు వేయరు, పోగేసి ఒక్క రోజే వేస్తారు, ఏ పని వల్ల దొరికామో దొంగకు తెలియకూడదని. పది లక్షల మందికి పైగా ఒకే సమయంలో ఆడే ఆటకి ఇలాంటి గుట్టు తప్పదేమో. ఆ గుట్టు నీ దగ్గరికి వచ్చేసరికి మాత్రం, అభియోగం చదివి వినిపించకుండానే శిక్ష వేసిన కోర్టు అయింది.

సామాను సంగతి గుర్తొచ్చింది. ఇన్వెంటరీ తెరిచావు. కష్టపడి పోగేసిన ఏకే-47 రెడ్‌లైన్, రెండు గ్లవ్స్, ఎప్పుడో అదృష్టం తగిలి వచ్చిన కత్తి, అన్నీ కనిపిస్తున్నాయి. అమ్మకానికి పెట్టబోతే వీల్లేదంది. ఎవరికైనా ఇద్దామన్నా వీల్లేదు. ఉన్నాయి, నీవే, చూసుకోవచ్చు.

ఇక అర్జీ.

ఖాళీ పేజీ తెరిచావు. మొదటి లైను నీ చేతులే రాశాయి: రెస్పెక్టెడ్ సర్, విత్ డ్యూ రెస్పెక్ట్ ఐ బెగ్ టు స్టేట్... స్కూల్లో లీవ్ లెటర్ దగ్గర్నుంచి బ్యాంకు మేనేజర్‌కి రాసిన ఉత్తరం దాకా ఇదే ఎత్తుగడ. దాని కింద ఎన్నేళ్లుగా ఆడుతున్నావో, ఎంత ఖర్చుపెట్టావో, ఏనాడూ మోసం చేయలేదని తల్లిదండ్రుల మీద ఒట్టు. తమ్ముడు భుజం మీంచి చదివాడు.

"నేను చేసిన అని రాయి అన్నా. చిన్నోడ్ని, ఇడిచిపెడ్తరు."

ఇది మాత్రం వద్దు. ఆటల్లో దొంగల్ని పట్టేవాళ్లకి ప్రపంచంలో ఏ మూలకెళ్లినా ఎదురయ్యే సాకు ఏదైనా ఉందంటే అది ఇదే: నేను కాదు, తమ్ముడు చేశాడు. కొరియాలో, బ్రెజిల్లో, పోలండ్‌లో తమ్ముళ్లందరూ అన్నల కంప్యూటర్లలో హ్యాకులు వేస్తూనే ఉంటారు. ఆ మాట కనబడిన ఉత్తరాన్ని చదివేవాడు అక్కడితో ఆపేస్తాడు. నీ గదిలో మాత్రం తమ్ముడు నిజంగానే ఉన్నాడు, నిజంగానే ఏమీ చేయలేదు, పైగా వాడికీ శిక్ష పడింది. ఈ సంగతి రాస్తే నమ్మేవాడు ఉండడు.

ఆ కాగితం చెరిపేశావు. సందీప్ మెసేజ్ పెట్టాడు: "ఏడ్చుడు తీసెయ్. టైం, వెర్షన్, కార్డు. గంతే." వాడి మాట విన్నావు. టాస్క్ మేనేజర్ తెరిచి, ఆ సమయంలో ఏమేం నడుస్తున్నాయో రాసుకున్నావు: స్టీమ్, డిస్కార్డ్, బ్రౌజర్, అడ్రినలిన్. మ్యాచ్ ఆగిన సమయాన్ని మన టైంలో కాకుండా గ్రీన్‌విచ్ లెక్కకి మార్చావు, అయిదున్నర గంటలు తీసేసి. విండోస్ వెర్షన్, కార్డు పేరు, డ్రైవర్ నంబరు, అది ఏ గంటకి ఎక్కింది, ఏ మీట ఆన్ చేసింది. అడ్రినలిన్ తెరని ఫోటో తీసి జతచేశావు. బతిమాలే మాటలు ఒక్కటి కూడా మిగల్లేదు. చివర ఒకే ఒక్క అభ్యర్థన: ఈ డ్రైవర్‌లోని సదుపాయం మీ పరీక్షకి తగిలిందేమో చూడండి.

నా లెక్కలో ఇంతకంటే మంచి అర్జీ ఉండదు. చదివేవాడు నిన్ను నమ్మనక్కర్లేకుండా, వెళ్లి చూసుకోగలిగే వివరం చేతికిచ్చావు. పంపు అని నొక్కావు. టికెట్ నంబరొకటి వచ్చింది.

తెల్లవారకముందే జవాబూ వచ్చింది. నీ ఉత్తరంలోని ఒక్క అక్షరం ఆ జవాబులో లేదు. నిషేధం శాశ్వతం, బేరసారాలు లేవు, సపోర్ట్ సిబ్బంది తీయలేరు.

*

శనివారం పొద్దున. ఎంగిలిపూల బతుకమ్మ. కింద హాలు నిండా తంగేడు, గునుగు, బంతి. అమ్మ గునుగు పూల కాడలు ఒకే కొలతకి తుంచుతూ, రంగునీళ్లలో ముంచి వార్తాపత్రిక మీద ఆరబెడుతోంది. వేళ్లు గులాబీ రంగు తిరిగాయి.

"ఏందిరా, రాత్రంత పండుకోలేదా? కండ్లు గట్ల ఎర్రగున్నయి."

తమ్ముడు మొత్తం చెప్పేశాడు, నీకంటే ముందు, నీకంటే బాగా. అమ్మ శ్రద్ధగా విన్నది. ఆట గురించి ఆమెకి ప్రశ్నల్లేవు.

"ఆ కంపెనీ ఏడుంటది?"

"అమెరికా. సియాటెల్ పక్కన, బెల్వ్యూ."

ఆమె ముఖం వెలిగింది. "బెల్వ్యూనా? మీ పెద్దమ్మ ఆడబిడ్డ కొడుకు ఆడ్నే గదరా ఉండేది! మనోళ్లు మస్తుమంది ఉంటరు ఆ దిక్కు. ఓ మాట చెప్పిస్తే అయిపోతది."

నీకు నవ్వొచ్చింది గానీ, తీసిపారేయలేకపోయావు. రాత్రంతా నువ్వు వెతికింది కూడా ఆ ఒక్క మాట చెప్పించగల మనిషినే. పాస్‌పోర్టు ఆగినా, కరెంటు బిల్లు తప్పు పడినా, ఆ ఆఫీసులో ఎవరో ఒకరు ఉంటారు, వాళ్లకి ఒక ముఖం ఉంటుంది, ఆ ముఖం నీ ముఖం చూస్తుంది. ఇక్కడ శిక్ష వేసింది ప్రోగ్రాము, తీయాల్సిందీ ప్రోగ్రామే, మధ్యలో ఉన్న మనుషులు మాకు అధికారం లేదని రాసి పెట్టారు.

ఫోన్ మోగింది. సందీప్. "మామా, చూసినవా? కౌంటర్ స్ట్రైక్ వాళ్లే చెప్పిండ్రు."

చూశావు. అమెరికాలో పదమూడో తేదీనే ఆట అధికారిక ఖాతాలో పెట్టిన ప్రకటన. ఏఎండీ కొత్త డ్రైవర్‌లోని ఆ సదుపాయం ఆట ఇంజను డీఎల్‌ఎల్ ఫైళ్లలోని ఫంక్షన్లను దారి మళ్లించి పనిచేస్తోంది, దాన్ని ఆన్ చేయకండి, ఆట కోడ్‌ని ఎవరు కదిపినా వ్యాక్ నిషేధం పడుతుంది అని. కింద ఇంకో మాట: ఏఎండీ సరిచేసిన డ్రైవర్ ఇచ్చాక, దీనివల్ల నిషేధం పడ్డవాళ్లెవరో గుర్తించి ఎత్తేసే పని మొదలుపెడతాం.

మెట్ల మీదే కూలబడి మళ్లీ మళ్లీ చదివావు.

అసలేం జరిగిందో ఇప్పుడు అర్థమవుతోంది. ఆటలో ప్రాసెసర్ ముందు ముందు దృశ్యాల లెక్క తయారుచేసి పెడుతుంది, గ్రాఫిక్స్ కార్డు వాటిని ఒకదాని తర్వాత ఒకటి గీస్తుంది. కార్డు వెనకబడితే మధ్యలో వరస పేరుకుపోతుంది. నువ్వు మౌస్ కదిపింది ఆ వరస చివర చేరుతుంది కాబట్టి తెర మీదికి రావడం ఓ పిసరు ఆలస్యం. ఆ వరస పేరుకోకుండా ప్రాసెసర్‌ని సరిగ్గా అవసరమైనంత ఆపడమే చికిత్స. ఎన్విడియా వాళ్లు రిఫ్లెక్స్ పేరుతో ఇదే చేస్తారు, కాకపోతే ఆట తయారుచేసినవాళ్లే తమ కోడ్‌లో దానికి చోటిస్తారు. ఏఎండీ ఆట వాళ్లని కలుపుకోకుండా బయటినుంచే చేయబోయింది. నడుస్తున్న ఆటలోకి చొరబడి, ఈ పనికి ముందు నా దగ్గరికి రా అని ఫంక్షన్ల దారి మార్చింది. గోడల వెనకున్న శత్రువుని చూపించే హ్యాకులు, గురి తప్పనివ్వని హ్యాకులు కూడా సరిగ్గా ఇలాగే చొరబడతాయి. కాపలా ప్రోగ్రాము చూసింది దారి మారిందా లేదా అనే. ఎందుకు మార్చారని అడగడం దానికి నేర్పలేదు.

నన్నడిగితే ఇందులో ఏఎండీదే పెద్ద తప్పు. లక్షలమంది ఆడే పోటీ ఆటలో, కాపలా ఉందని తెలిసీ, అడగకుండా చెయ్యి పెట్టింది. కానీ శిక్ష పడింది ఏఎండీ ఖాతాకి కాదు.

*

మధ్యాహ్నం భారత్–పాకిస్తాన్ మ్యాచ్, ప్రపంచకప్. ఊరంతా టీవీల ముందు. పాకిస్తాన్ 191కి ఆలౌటయిన ఆనందంలో గల్లీలో పటాకులు పేలుతుండగా డాలస్ నుంచి బావ ఫోన్. అక్కడ తెల్లారుతోంది. చిన్నోడు ఆయనకి కూడా కథ చేరవేశాడన్నమాట.

"నీకిప్పుడైంది గాని, నాకు 2010లనే అయింది బిడ్డా," అని మొదలుపెట్టాడు. ఆయన ఆర్లింగ్టన్‌లో ఎమ్మెస్ చేస్తున్న రోజులు. మోడర్న్ వార్‌ఫేర్ 2 ఆడేవాడు, నలుగురు రూమ్మేట్లు ఒకే డెస్క్‌టాప్ మీద వంతులేసుకుని. జూలైలో ఒక రోజు వ్యాక్ నిషేధం పడింది.

"నువ్వేం చేసినవ్ బావా?"

"ఏం చేస్త? నేనూ రాసిన. శాశ్వతం అన్నరు. రూమ్మేట్ల మీద అనుమానం. నువ్వు చేసినవా అంటే నువ్వు చేసినవా అని. ఒకనితోని మాటలు గూడ బంద్."

తర్వాత ఆయనకి మెయిల్ వచ్చింది. వాల్వ్ అధిపతి గేబ్ న్యూవెల్ పేరుతో. రెండు వారాల్లో దాదాపు 12,000 మందికి పొరపాటున నిషేధం పడిందని, అన్నీ ఎత్తేశామని. కారణం కూడా దాచలేదు. స్టీమ్ ప్రోగ్రాము ఆట ఫైళ్లను డిస్కు మీద అప్‌డేట్ చేస్తున్నప్పుడు, డిస్కులోని డీఎల్‌ఎల్‌కీ మెమరీలో ఉండిపోయిన పాతదానికీ సంతకాలు కుదరలేదు, కాపలా దాన్నే మోసం అనుకుంది. పరిహారంగా లెఫ్ట్ ఫోర్ డెడ్ 2 ఆట ఒక ప్రతి ఆయనకి, ఇంకో ప్రతి స్నేహితుడికి ఇవ్వడానికి.

"ఆ రెండో కాపీ ఎవరికిచ్చినవ్?"

"మాటలు బంద్ పెట్టినోనికే." బావ నవ్వాడు. "ఒక సంగతి జెప్త విను. నా లెటర్ జూసి తీసిండ్రనుకున్న శానా రోజులు. కాదు. పన్నెండు వేల మంది ఒక్కసారి గోల జేసిండ్రు గాబట్టి తీసిండ్రు. నా ఒక్కనికే పడితె ఇప్పటికీ దొంగనే."

ఫోన్ పెట్టేశాక కూడా ఆ మాట వదల్లేదు. రాత్రి నువ్వు రాసిన అర్జీ ఎంత పద్ధతిగా ఉన్నా, అదే రాత్రి నిజంగా హ్యాక్ వేసి దొరికినవాడూ అలాంటిదే రాసి ఉంటాడు. వాడికీ డ్రైవర్ నంబరు రాయడం వచ్చు. రెండు ఉత్తరాలూ పక్కపక్కన పెడితే తేడా కనిపించదు. తేడా కనిపించేది వందల ఉత్తరాలు ఒకే కార్డు, ఒకే డ్రైవర్, ఒకే రోజు అని అన్నప్పుడే. నీ అర్జీని ఎవరూ చదవలేదు, లెక్కలోకి మాత్రం తీసుకున్నారు.

2006 నవంబరులోనూ ఇంతే జరిగింది. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌ని లినక్స్‌లో సెడెగా అనే సాఫ్ట్‌వేర్ సాయంతో ఆడుతున్నవాళ్లకి ఒక్కసారిగా నిషేధాలు పడ్డాయి. అందరూ సెడెగా వాళ్లేనని బయటపడ్డాక బ్లిజర్డ్ వెనక్కి తీసుకుంది. గుంపుగా నష్టపోవడం కూడా ఒక్కోసారి అదృష్టమే.

సాయంత్రం బాబాయ్ వచ్చాడు. వరంగల్ కోర్టులో ప్లీడరు. కథ విని వెంటనే నోటీసు పంపుదామన్నాడు. 2021 ఐటీ నిబంధనల ప్రకారం ఫిర్యాదు తీసుకునే అధికారి ఉండాలి, 24 గంటల్లో అందిందని చెప్పాలి, 15 రోజుల్లో తేల్చాలి, కాదంటే ఈ ఏడాది మార్చి నుంచి అప్పీలు కమిటీలు కూడా ఉన్నాయి అన్నాడు. ఆటలో పడిన నిషేధం ఆ నిబంధనల కిందికి వస్తుందా అంటే, "అదే వాదించాలె" అన్నాడు ఉత్సాహంగా. ఫీజు సంగతి అమ్మ అడిగింది. ఇంతలో రోహిత్ సిక్సర్ కొట్టడంతో చర్చ అక్కడే ఆగిపోయింది. ఇండియా ఏడు వికెట్లతో గెలిచింది.

*

ఆ పైన చెప్పుకోడానికి పెద్దగా లేదు, ఎదురుచూపే. ఏఎండీ 23.10.1ని వెనక్కి తీసుకుంది. 23.10.2 పెట్టింది, అందులో ఆ మీటే లేదు. నువ్వు దాన్ని ఎక్కించుకుని ప్రొఫైల్ చూసుకున్నావు. ఎర్రక్షరాల పక్క అంకె పెరుగుతూనే ఉంది. పొద్దున లేవగానే ఒకసారి, అన్నం తిని ఒకసారి, పండుకునేముందు ఒకసారి. అర్రెము రోజు, వేపకాయల రోజు, వెన్నముద్దల రోజు, బతుకమ్మ పేరు మారుతోంది, నీ అంకె మారుతోంది. గ్రూపులో జోకులు తగ్గాయి, ప్రకటన చూశాక కొందరు సారీ మామా అన్నారు కూడా. ఒకడు మాత్రం, "అందరు గదే అంటరు, ఏఎండీ అని జెప్పి తప్పించుకుంటరు" అన్నాడు. నీకు కోపమొచ్చింది. కానీ వాడన్నదీ నిజమే. నిర్దోషులకి తలుపు తెరిచినప్పుడు దొంగలూ అదే తలుపు దగ్గర వరసలో నిలబడతారు. అందుకే ఎత్తేయడానికి ఇన్ని రోజులు.

సద్దుల బతుకమ్మ అయింది, పాలపిట్టని చూశారు, జమ్మి చేతుల్లో పెట్టుకుని పెద్దవాళ్ల కాళ్లు మొక్కారు. బాబాయ్ నీ చేతిలో బంగారం పెడుతూ "కేసేమైంది?" అని అడిగాడు.

నెల చివరికొచ్చేసరికి, ఉప్పల్ బస్సులో, ఒళ్లో మళ్లీ అదే దుప్పటి మూట. ఫోన్లో అలవాటుకొద్దీ ప్రొఫైల్ తెరిచావు. పేరు, బొమ్మ, గంటల లెక్క. వాటి పక్కన ఏమీ లేదు. ఇంకోసారి తెరిచావు, లేదు. ఉత్తరం రాలేదు, క్షమాపణ రాలేదు, నీ టికెట్‌కి జవాబు మారలేదు, అక్కడ ఇంకా శాశ్వతం అనే ఉంది. పేజీలో రాసినట్టే దానంతట అదే పోయింది. తమ్ముడికి ఫోన్ చేశావు. "నాది పొద్దుగాలనే వచ్చింది," అన్నాడు. "నీకు చెప్పుడు మర్శిపోయిన."

కొంచెం ముందుకు దూకి ఒక సంగతి చెప్పేస్తాను: 2024 మేలో ఏఎండీ యాంటీ ల్యాగ్ 2 తెచ్చింది. ఈసారి బయటినుంచి చొరబడలేదు, ఆట తయారుచేసేవాళ్లే తమ కోడ్‌లో కలుపుకునేలా ఇచ్చింది. మొదట కలుపుకున్నది కౌంటర్ స్ట్రైక్ 2. ముందే అడిగి ఉంటే అయిపోయే పని.

కానీ నువ్వింకా ఆ వారంలోనే ఉన్నావు. హైదరాబాద్ గదిలో, రాత్రి, కొత్త మ్యాచ్‌కి ముందు. మిగతా ముగ్గురూ ఇంకా రాలేదు. లాబీలో నువ్వూ సందీపూ.

"మామా, ఒక పని జేస్తవా?"

"చెప్పు."

"నాకు గూడ ఓ లెటర్ రాసియ్యరాదు."

వాడి ఫోన్ గేమ్ సంగతి నీకు తెలుసు. 2020లో పడింది, పదేళ్ల నిషేధం. అందరూ నవ్వారు, నువ్వూ నవ్వినట్టు గుర్తు. వాడు ఆ తర్వాత ఆ ఆట ఊసెత్తలేదు, కంప్యూటర్ కొనుక్కుని ఇటొచ్చాడు. ఆ శుక్రవారం రాత్రి అందరికంటే ముందు సరైన ప్రశ్న అడిగింది వాడే ఎందుకయ్యాడో ఇప్పుడు తట్టింది.

"చేసినవా అసలు?" అడిగేశావు, అడగకూడదనుకుంటూనే.

"చేయలే."

నోట్‌ప్యాడ్ తెరిచావు. "ఏం ఫోన్ అది?"

"అమ్మేసిన మామా ఎప్పుడో."

"అప్పుడు అప్‌డేట్ ఏమన్న చేసినవా? వేరే యాప్‌లు ఏమన్న?"

"మూడేండ్లయింది. ఎవనికి యాదుంటది?"

"నీతోని ఇంకెవ్వరికన్న పడిందా ఆ రోజు?"

"ఎవ్వరికి పడలే. నాకొక్కనికే."

కర్సర్ ఖాళీ పేజీ మీద కొట్టుకుంటోంది.

"సరే, ఏ నెలరా? అదన్న చెప్పు."

"లాక్‌డౌన్ల."

"లాక్‌డౌన్ నెల గాదుర సందీపూ."

"ఆగు, ఆగు. మా అక్క పెండ్లి వాయిదా పడ్డదాయె, గా నెల. అమ్మను అడిగి చెప్త."